పరామర్శ పనేనా? పంటు మీద మొదలైన ఒక సందేహం

పంటురేవు (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. మాది సఖినేటిపల్లి దగ్గర ఒక చిన్న ఊరు. ఉద్యోగరీత్యా భీమవరంలో ఉంటున్నాను. గత నెలలో మా అమ్మను నరసాపురంలో ఒక చావింటికి పరామర్శకు తీసుకువెళ్తూ గోదావరి పాయ వశిష్ఠ దాటడానికి పంటు, అంటే మనుషుల్నీ బళ్ళనీ అవతలి ఒడ్డుకు చేర్చే పెద్ద పడవ, ఎక్కాము. మా వీధి ఆడవాళ్ళు మరో నలుగురు తోడు వచ్చారు. నది దాటినంతసేపూ వాళ్ళు కొబ్బరికాయ ధర గురించీ, ఎవరింట్లోనో ఈనిన గేదె గురించీ నవ్వుతూ మాట్లాడుకున్నారు. అవతల దిగి, ఆటో ఆ ఇంటి వీధి మలుపు తిరగగానే అమ్మ మాట ఆపేసింది. పైటచెంగు భుజం చుట్టూ కప్పుకుని, గడపలో అడుగు పెడుతూనే "ఎంత పని జరిగిందే తల్లీ" అంటూ ఆ ఇంటావిడను వాటేసుకుని ఏడ్చింది. అది నటన అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, ఎందుకంటే వెనక నిలబడ్డ నాకు ఆమె వీపు వణకడం కనిపిస్తూనే ఉంది. గంట తరవాత, ఆనవాయితీ ప్రకారం "వెళ్ళొస్తాం" అనకుండా, మౌనంగా లేచి వచ్చేశాము. తిరుగు పంటులో మాట మళ్ళీ కొబ్బరికాయ ధర దగ్గరే అందుకున్నారు.

ఇంటికి వచ్చాక అమ్మ ఆ పూట అన్నం తినలేదు, తలనొప్పి అని పడుకుంది. నెలకు నాలుగైదు ఇళ్ళకు ఆమె ఇలా వెళ్తుంది. నాన్న మాత్రం అరుగు మీద కూర్చుని నాలుగు మాటలు మాట్లాడి వచ్చేస్తారు. ఈ మధ్య పత్రికల్లో భావశ్రమ అనే మాట చూస్తున్నాను. మా అమ్మ చేసేది ఆ శ్రమేనా, లేక మనిషిని చూసి మనిషికి కలిగే జాలికి ఇంత పెద్ద పేరు పెట్టడం మన అతితెలివా? తెలిసినవారు చెప్పగలరు.

ఏటిగట్టు

పంటురేవు గారూ, నేను మానవశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను కాబట్టి ముందు మాటల లెక్క తేల్చుకుందాం. భావశ్రమ అనే భావనను ప్రచారంలోకి తెచ్చినది అమెరికా సామాజికశాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్. 1983లో వెలువడిన తన అధ్యయనంలో ఆమె రెండు రకాల ఉద్యోగులను పక్కపక్కన పెట్టి చూశారు. ఒకరు విమానాల్లో నవ్వుతూ సేవలు చేసేవారు, రెండోవారు బాకీలు వసూలు చేసేవారు. మొదటివారు ఎదుటి మనిషిని పెద్ద చెయ్యాలి, రెండోవారు చిన్నబుచ్చాలి. ఇద్దరూ తమ మనసులో పుట్టే భావాన్ని సంస్థకు కావలసిన తీరులో మలచుకుని, దానికే జీతం పుచ్చుకుంటారు. (ఆమె పరిశీలించిన విమాన సంస్థ పేరు డెల్టా. మన డెల్టాకూ దానికీ చుట్టరికం లేదు గాని, ఈ చర్చలో ఆ పేరు తగలడం నాకు సరదాగా ఉంది.)

ముఖం మీద మాత్రమే నవ్వు తెచ్చుకోవడం ఒకటి, నిజంగానే నవ్వు వచ్చేటట్లు లోపల మనసును తిప్పుకోవడం మరొకటి అని ఆమె విడదీశారు. వీధి మలుపు దగ్గర మీ అమ్మగారు చేసినది రెండోది అని నాకు తోస్తోంది. పంటు మీద లేని దుఃఖాన్ని ఆమె గడప దాకా పిలుచుకుని వచ్చారు. అది వచ్చింది కూడా. అయితే ఒక్క మెలిక ఉంది. జీతానికి చేసే దానినే హోక్‌షీల్డ్ భావశ్రమ అన్నారు. ఇంట్లోనూ చుట్టాల్లోనూ చేసే దానికి ఆమె వేరే పేరు పెట్టారు, మనం భావాల పని అనుకోవచ్చు. ఈ మాటను ఇంటి చాకిరీ అంతటికీ అతికించేస్తున్నారని 2018లో ఒక ముఖాముఖిలో ఆమే అభ్యంతరం చెప్పారు. కాబట్టి కచ్చితంగా మాట్లాడితే మీ అమ్మగారిది భావశ్రమ కాదు. కాని పని కాదని మాత్రం నేను అనలేను.

కొబ్బరాకు

నేను ముప్ఫై రెండేళ్ళు తెలుగు పాఠం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. నాకు ఈ ధోరణి రుచించడం లేదని ముందే మనవి చేస్తున్నాను. ప్రతిదానినీ శ్రమ, లెక్క, కూలి అంటూ తూచడం మొదలుపెడితే రేపు తల్లి పాలకు కూడా బిల్లు రాస్తారు.

మన మాటలను కాస్త పలకరించి చూడండి. పరామర్శ అనే సంస్కృత పదంలో ఉన్న ధాతువుకు తాకడమని అర్థం. తాకి, తడిమి, విచారించడం పరామర్శ. అనుకంప అంటే ఒకరి వణుకును వెన్నంటి మరొకరు వణకడం. పంటురేవు గారు చూసిన వీపు వణుకు అచ్చంగా అదే. పాశ్చాత్యులకు ఈ భావానికి జర్మన్ మాట ఒకటి ఉంటే, 1909లో టిచెనర్ అనే మనస్తత్వవేత్త దానికి గ్రీకు ముడిసరుకుతో ఎంపతీ అనే ఇంగ్లీషు మాట తయారుచేశాడు. ఇప్పుడు మనం దానిని సహానుభూతి అని తిరిగి తర్జుమా చేసుకుంటున్నాము. పెరట్లో బావి పెట్టుకుని పొరుగింటికి చేద పట్టుకుని వెళ్ళినట్టు లేదూ?

తల్లి కడుపు చూస్తుంది, పెళ్ళాం జేబు చూస్తుంది అన్నారు. చూసే కన్ను ఉన్నవారికి అది పని కాదు, స్వభావం.

లేసుసూది

మాస్టారూ, క్షమించాలి. మీరు చెప్పిన సామెతలో కడుపు చూసేదీ ఆడదే, జేబు చూసిందని నింద మోసేదీ ఆడదే. ఆ సామెతలో మగవాడికి తినడం, సంపాదించడం తప్ప చూసే పని ఏమీ లేదు. దానిని స్వభావం అనేస్తే ఇక చర్చకు చోటెక్కడ?

ఏటిగట్టు

కొబ్బరాకు గారి అనుకంప నాకు నచ్చింది, నా పరిశోధనలో వాడుకుంటాను. కాని స్వభావం అన్న మాట దగ్గర ఆగాలి. 1921లో ఫ్రాన్సు పండితుడు మార్సెల్ మోస్ ఆస్ట్రేలియా ఆదివాసుల చావు ఏడుపుల గురించి ఒక వ్యాసం రాశాడు. ఎవరు ఏడవాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నది అక్కడ వరసను బట్టి నిర్ణయమై ఉంటుంది. అలా విధిగా ఏడ్చినంత మాత్రాన ఆ ఏడుపులో నిజం లేదనుకోకూడదని, అది ఒకరి బాధను మరొకరికి తెలియజెప్పే భాష అని ఆయన వాదన. మన శోకాలు చూడండి. పోయినవాడిని "నా తండ్రే, నా దొరా" అని పిలుస్తూ, అతను చేసిన మేళ్ళన్నీ రాగంలో ఏకరువు పెట్టడానికి ఒక పద్ధతి ఉంది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలికి అది రాకపోతే "కన్నీటిచుక్క రాలలేదమ్మా" అని వెనక నుంచి అంటారు. స్వభావమే అయితే ఆ కోడలు నేర్చుకోవలసిన అవసరం ఏముంటుంది?

ఉప్పుటేరు

ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే గాని రాయలేదు. ఏటిగట్టు గారు వసూలుదారుల మాట ఎత్తారు కాబట్టి రాస్తున్నాను, ఎందుకంటే ఆ పని నేను చేశాను. 2008 నుంచి రెండేళ్ళు ముమ్మిడివరం వైపు ఒక సూక్ష్మరుణ సంస్థలో పనిచేశాను. సంస్థ పేరు అనవసరం.

పొద్దున్నే ఏడింటికల్లా ఊళ్ళో ఎవరో ఒకరి అరుగు మీద, అప్పు తీసుకున్న గ్రూపు ఆడవాళ్ళందరూ కూర్చోవాలి. ఒకరు వాయిదా కట్టలేకపోతే మిగతావాళ్ళు వేసుకుని కట్టాలి. అందరినీ "అక్కా" అని పిలవమని మాకు నేర్పారు. ఇంట్లో ఎవరికి జబ్బు, ఎవరి మొగుడు తాగుతాడు, ఎవరి కూతురికి సంబంధం చూస్తున్నారు అన్నీ కనుక్కోమన్నారు. నాకు అవన్నీ తేలిగ్గానే తెలిసేవి, ఎందుకంటే నేను ఆ ఊళ్ళ మధ్య పెరిగినవాణ్ణే, వాళ్ళూ తమ్ముడితో చెప్పుకున్నట్టే చెప్పేవారు. ఒకసారి ఒక అక్క మూడు వారాలు వరసగా కట్టలేదు. ఆమె కూతురి పెళ్ళిచూపులు ఆ ఆదివారమే అని నాకు తెలుసు. "పెళ్ళివారు వచ్చే వేళకు మేము కూడా ఇక్కడే కూర్చుంటే బాగుంటుందా అక్కా" అని అందరి ముందూ, చాలా మెత్తగా అన్నాను. ఆమె లోపలికి వెళ్ళి చెవి కమ్మలు తీసి పక్కింటావిడ చేతిలో పెట్టి, డబ్బు తెచ్చి కట్టింది. నా ముఖం వంక చూడలేదు.

ఎదుటి మనిషి బాధ నాకు అర్థం కాకపోతే నేను ఆ మాట అనగలిగేవాణ్ణి కాను. ఎక్కడ తాకితే నొప్పో తెలిసినవాడే అక్కడ నొక్కగలడు. మాస్టారు పరామర్శ అంటే తాకడమన్నారు. నా తాకడం అటువంటిది. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, వసూళ్ళు ఇళ్ళ దగ్గర కాకుండా పంచాయతీ కార్యాలయం వంటి బహిరంగ స్థలాల్లోనే జరగాలన్నాక మా శాఖ మూతపడింది. నేను బతికిపోయాననే అనుకున్నాను. ఆ రెండేళ్ళలో మా ఇంట్లో ఎవరైనా ఏడిస్తే నాకు విసుగు వచ్చేది.

కొబ్బరాకు

ఉప్పుటేరు గారూ, మీరు రాసినది రెండుసార్లు చదివాను. జవాబు రాయబోయి మానుకున్నాను.

ఎడారిగాలి

మాది రాజోలు దగ్గర. తొమ్మిదేళ్ళు కువైట్‌లో ఒక ఇంట్లో ఖద్దామాగా, అంటే పనిమనిషిగా, చేసి వచ్చాను. నా భాష అంత బాగుండదు, మా అమ్మాయి సరిచేసి పెడుతోంది.

నేను చేరినప్పుడు గిన్నెలు తోమాలి, ఇల్లు తుడవాలి అనే చెప్పారు. రెండో ఏటి నుంచి ఆ ఇంటి పెద్దామెకు మతిమరుపు జబ్బు ముదిరింది. ఆమె నన్ను తన పోయిన చెల్లెలు అనుకునేది. మొదట్లో కాదని చెప్పేదాన్ని, అప్పుడు ఆమె భయపడి అరిచేది. తరవాత తరవాత ఆ పేరు పెట్టి పిలిస్తే పలకడం అలవాటు చేసుకున్నాను. ఆమె చెప్పే చిన్ననాటి కబుర్లకు చెల్లెలి లాగే ఊ కొట్టేదాన్ని, అరబ్బీ సగమే అర్థమయ్యేది. నేను ముఖం ముడుచుకుని ఉంటే పెద్దామె ముద్ద ముట్టేది కాదు, అందుకని మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, "నవ్వుతూ ఉండు" అని రోజూ చెప్పేది. మా అమ్మాయి పెద్దమనిషి అయ్యి నీళ్ళు పోసిన రోజు నేను ఫోనులోనే చూశాను. స్నానాలగదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చి, ముఖం కడుక్కుని వెళ్ళి పెద్దామెకు ఖర్జూరం గింజ తీసి తినిపించాను. ఆమె నా గడ్డం పట్టుకుని ఏదో అడిగింది. నేను ఏడ్చినట్టు ఆ ఇల్లంతటిలో ఆమె ఒక్కతికే తెలిసింది.

ఆమె పోయినప్పుడు మూడు రోజులు పరామర్శకు వచ్చినవాళ్ళు వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్ళకల్లా నేను గహ్వా, అంటే అరబ్బుల కాఫీ, చిన్న కప్పుల్లో పోసి అందించాను. నన్ను ఎవరూ పలకరించలేదు. వాళ్ళ తప్పేమీ లేదు, పనిమనిషిని ఎందుకు పలకరిస్తారు? కాని నిద్రలో ఆమె పిలిచిన పేరు నాకు ఇప్పటికీ వినపడుతుంది. ఏటిగట్టు గారూ, జీతానికి చేసినదే భావశ్రమ అన్నారు గదా. నా జీతం గిన్నెలకు ఇచ్చారు. మరి దీనిని మీరు ఏ పేరుతో పిలుస్తారు?

ఏటిగట్టు

ఎడారిగాలి గారూ, నా దగ్గర ఉన్న రెండు డబ్బాల్లో ఏ ఒక్కదానిలోనూ మీది పట్టదు. జీతం ఉంది గాని దానికి కాదు, ప్రేమ ఉంది గాని చుట్టరికం లేదు. హోక్‌షీల్డ్ కూడా తరవాతి కాలంలో పేద దేశాల నుంచి ధనిక దేశాలకు వెళ్ళే ఆయాల గురించి రాశారు. వాళ్ళ పిల్లలకు అందవలసిన ఆప్యాయత మరో ఇంటికి తరలిపోవడాన్ని ఆమె ఎగుమతి సరుకుతో పోల్చారు. ఆ పోలిక ఇన్నాళ్ళూ నాకు సరిగ్గానే కనిపించింది. మీ ఖర్జూరం గింజ చదివాక అంత నమ్మకం లేదు, ఎందుకంటే సరుకు గడ్డం పట్టుకుని ఏడ్చావా అని అడగదు.

లేసుసూది

ఎగుమతి మాట వచ్చింది కాబట్టి మా నరసాపురం సంగతి చెప్పాలి. మా నాయనమ్మ, అమ్మ, నేను, ముగ్గురమూ లేసు అల్లినవాళ్ళమే. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఇక్కడ నేర్పిన పని ఇది. ఆ లేసు విదేశాలకు వెళ్తుంది. మారియా మీస్ అనే జర్మన్ సామాజికశాస్త్రవేత్త మా ప్రాంతానికి వచ్చి, ఈ అల్లికదారుల మీద 1982లో పుస్తకం ప్రచురించారు. ఆమె పట్టుకున్న కీలకం ఏమిటంటే, రోజుకు ఆరేడు గంటలు సూది ఆడించే ఆడవాళ్ళను వ్యాపారులూ, ఇంటి మగవాళ్ళూ, చివరికి ఆ ఆడవాళ్ళు కూడా ఇంట్లో కూర్చున్నవాళ్ళు అనే అనుకోవడం, అల్లికను తీరిక వేళ పని అనడం. తీరిక వేళ పని అన్న పేరు ఉన్నంతకాలం కూలి పెంచమని అడగడానికి నోరు రాదు.

పరామర్శకు కూడా ఆ పేరే పెట్టారని నా అనుమానం. మా అమ్మ అరుగు మీద లేసు అల్లుతూ ఉంటే వీధిలో ఆడవాళ్ళు వచ్చి కూర్చుని తమ కష్టాలు చెప్పుకునేవారు. ఆమె పువ్వు దగ్గర లెక్క తప్పకుండానే "అయ్యో", "తరవాతో", "పోన్లేమ్మా" అంటూ ఉండేది. సాయంత్రానికి ఒక అంచు లేసూ, నాలుగు ఇళ్ళ దుఃఖమూ పూర్తయ్యేవి. మొదటిదానికి ఎంత తక్కువైనా ఒక ధర ఉంది. రెండోదాని వల్లనే ఆమెకు రాత్రులు నిద్ర పట్టేది కాదని నాకు పెళ్ళయ్యాక గాని తెలియలేదు.

లంకమేత

మాది గోదావరి మధ్యలో ఉండే లంక గ్రామం. నేను మరోవైపు నుంచి ఒక్క మాట చెప్పి ఊరుకుంటాను. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా ఇళ్ళు మునిగాయి. నీరు తీశాక నష్టం చూడడానికి జట్ల మీద జట్లు వచ్చాయి. వచ్చిన ప్రతి జట్టుకూ మా పిన్ని తన గొడ్డు కొట్టుకుపోయిన కథ మొదటి నుంచి చెప్పవలసి వచ్చింది. నాలుగోసారికి ఆమెకు కన్నీళ్ళు రాలేదు. అప్పుడు వచ్చినాయన పక్కవాడితో "ఈవిడకు పెద్దగా పోయిందేమీ లేనట్టుంది" అన్నాడు. జాలి పడేవాడి మనసు నిండేలా ఏడవడం కూడా పనే కదండీ. దాని లెక్క ఎక్కడ వేస్తారు?

కొబ్బరాకు

రెండు రోజులుగా ఈ చర్చ నన్ను వదలడం లేదు. అది పని కాదన్న నా మాటను వెనక్కి తీసుకుంటున్నాను. అయినా లెక్క కట్టడం మీద నా అయిష్టం అలాగే ఉంది. మరొకటి అడగాలి. ఇంతకీ ఒకరి బాధ మరొకరికి నిజంగా తెలుస్తుందా? "ఎవరి కడుపులో ఏముందో ఎవరికెరుక" అని కూడా మనవాళ్ళే అన్నారు.

ఏటిగట్టు

మాస్టారూ, మా శాస్త్రంలో తెగని తగాదా అదే. పసిఫిక్ ద్వీపాల్లో చాలాచోట్ల, మరొకరి మనసులో ఏముందో చెప్పడం అసాధ్యమనీ, చెప్పబోవడం అమర్యాద అనీ జనం అంటారు. డగ్లస్ హోలన్, జేసన్ త్రూప్ అనే మానవశాస్త్రవేత్తలు 2011లో ఆ ప్రాంతపు అధ్యయనాలను ఒకచోట చేర్చారు. వాటిని చదివితే తెలిసేది ఏమిటంటే, మనసు తెలియదని అనేవాళ్ళు కూడా ఆకలి కనిపెట్టి అన్నం పెడతారు, పనిలో చెయ్యి వేస్తారు, మాటల్లో చెప్పకుండా చేతల్లో చూపిస్తారు. లోపలి సంగతి బయటపడితే దానితో హాని చెయ్యవచ్చునన్న భయం కూడా చాలాచోట్ల ఉంది. ఉప్పుటేరు గారు రాసినది చదివాక ఆ భయాన్ని మూఢనమ్మకం అనలేము.

రెనాటో రొసాల్డో కథ కూడా చెప్పాలి. ఫిలిప్పీన్స్‌లో ఇలొంగోట్ అనే కొండజాతి వృద్ధులను, మనుషుల తలలు ఎందుకు నరికేవారని ఆయన అడిగితే, ఆత్మీయులు పోయిన దుఃఖంలో పుట్టే కోపాన్ని పట్టలేక అని చెప్పారు. ఆయనకు ఆ జవాబు చాలలేదు, ఇంకేదో లోతైన కారణం ఉండాలని ఏళ్ళ తరబడి వెతికాడు. 1981లో ఆయన భార్య మిషెల్, ఆమె కూడా మానవశాస్త్రవేత్తే, ఫిలిప్పీన్స్‌లోనే క్షేత్రపరిశోధనలో ఉండగా కొండ అంచు నుంచి జారిపడి మరణించారు. ఆమె శరీరం దగ్గర తనలో ఎగసిన కోపం చూసుకున్నాకనే ఆ వృద్ధుల మాట అక్షరాలా అర్థమైందని ఆయన రాశాడు. మన ఊళ్ళలో పరామర్శకు వెళ్ళినప్పుడు మాట్లాడగలిగేది ఎవరో గమనించండి. అంతకు ముందు తన ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నావిడను మిగతావాళ్ళు ముందుకు తోస్తారు.

పంటురేవు

అందరికీ కృతజ్ఞతలు. ఏటిగట్టు గారి చివరి వాక్యం చదివి అమ్మను అడిగాను. మా చెల్లి చిన్నప్పుడే పోయింది, అప్పటి నుంచే తనను అందరూ ముందు నడవమంటారని చెప్పింది. పెళ్ళి చదివింపులు ఎవరెంత రాశారో మా ఇంట్లో పుస్తకం ఉంది. చెల్లి పోయినప్పుడు ఎవరు వచ్చారో ఎక్కడా రాసి లేదు, అమ్మ మాత్రం ఎవరు ఏ పూట వచ్చి ఎక్కడ కూర్చున్నారో, పొయ్యి వెలగని ఆ రోజుల్లో ఎవరింటి నుంచి ఏ కూర వచ్చిందో వరసగా చెప్పింది. మొన్న నరసాపురం వెళ్ళినది ఆ లెక్కలో ఒకరింటికే.

నిన్న మళ్ళీ అమ్మను పంటు ఎక్కించి మరో ఇంటికి పరామర్శకు తీసుకువెళ్ళాను. ఈసారి అరుగు మీద మగవాళ్ళతో కూర్చోకుండా లోపలికి వెళ్ళి చాప అంచున కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తెలియక గంటసేపు గచ్చు మీద గీతలు చూస్తూ ఉండిపోయాను. లేచేటప్పుడు కంగారులో, నోటి అలవాటు కొద్దీ "వెళ్ళొస్తామండీ" అనేశాను. గది అంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. అమ్మ నా మోచేతి దగ్గర గట్టిగా గిల్లింది. భర్త పోయి ఐదు రోజులైన ఆ పెద్దావిడ తల ఎత్తి నన్ను చూసి, "మంచిది బాబూ, రేవులో గాలిగా ఉంటుంది, అమ్మను పంటు మధ్యలో కూర్చోబెట్టు" అంది. అవతలి ఒడ్డు చేరేదాకా అమ్మ నాతో మాట్లాడలేదు. గాలి నిజంగానే ఎక్కువగా ఉంది.